వీధి పియానో మీద మోహన

డెన్వర్: చేపల పియానో

డెన్వర్‌లో దిగిన మధ్యాహ్నం నేను మొదట చూసిన వింత కొండలు కాదు. సిటీ బస్సు నడిపే ఒకాయన, ఒంటి మీద యూనిఫాంతోనే, మెళ్ళో గుర్తింపు కార్డు ఊగుతుండగా, నడివీధిలో కూర్చుని పియానో వాయిస్తున్నాడు.

పియానో అంటే నాకు తెలిసిందల్లా పాత సినిమాల్లో జమీందారుగారి హాల్లో నల్లగా నిగనిగలాడే వస్తువు. హీరో దాని ముందు కూర్చుని హీరోయిన్ని నిష్ఠూరాలాడుతూ పాడతాడు. ఇది అలాంటిది కాదు. గోడకి ఆనించి పెట్టే నిలువు పియానో, మన పాత బట్టల బీరువా కంటే కాస్త పొట్టి. ఒళ్ళంతా లేత నీలం రంగు పూసి, దాని మీద ఎర్ర చుక్కల చేపలు గీశారు. చేపలు ఏటికి ఎదురీదుతూ ఒక పక్క నుంచి ఎక్కి ఇంకో పక్కకి దిగుతున్నాయి. ‘ఎవరైనా వాయించవచ్చు’ అని పైన రాసి ఉంది. చుట్టూ తాడు లేదు, కాపలా మనిషి లేడు. ఎవరో కాఫీ కప్పు దాని నెత్తిన పెట్టి మర్చిపోయారు. ఇంకెవరో తమ కుక్కని దాని కాలికి కట్టి పక్క షాపులోకి వెళ్ళారు. మంద్రస్వరం మోగినప్పుడల్లా ఆ కుక్క చెవులు రిక్కిస్తోంది.

ఆయన వాయించింది గొప్పగా ఏమీ లేదు. మధ్యలో తడబడ్డాడు, తనలో తను నవ్వుకున్నాడు, మళ్ళీ అందుకున్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగారు, విన్నారు, చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. ఆయన లేచేటప్పుడు నేను ఉండబట్టలేక, నా స్కూలు ఇంగ్లీషులో, ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను.

“ఇక్కడే. భోజనాల వేళ వచ్చి కూర్చుంటాను. దారిన పోయేవాళ్ళలో తెలిసినవాళ్ళు ఒక్కో ముక్క చూపించి పోయారు. వాళ్ళ పేర్లు కూడా తెలీవు,” అని టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. రాజమండ్రిలో నేను ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచర్ని. హార్మోనియం నా వాద్యం. ఇంట్లో దాని మీద ఎప్పుడూ పట్టుగుడ్డ కప్పి ఉంటుంది. పిల్లలు చేతులు కడుక్కుంటే గానీ ముట్టుకోనివ్వను. స్కూల్లోదయితే బీరువాలో పెట్టి తాళం వేస్తాం. వాద్యాన్ని గౌరవించడమంటే అదే అనుకుంటూ ఇంతకాలం బతికాను. ఈ ఊళ్ళో దాన్ని ఎండలో నిలబెట్టి, చేపలు గీసి, అందరికీ అప్పజెప్పేశారు.

“ఆంటీ, నువ్వు ప్లే చెయ్యి!” అంది నాతో వచ్చిన నిత్య. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగి, “అమ్మా, నువ్వు సింగ్ చెయ్యి. ఇక్కడ ఎవరికీ తెలీదు కదా మనం,” అంది.

మాధవి బ్యాగు భుజానికి తగిలించుకుని, ఎదుటి దుకాణం అద్దంలోని టోపీలు చూస్తున్నట్టుగా నడిచి వెళ్ళిపోయింది. ఆవిడకి టోపీలంటే ఎప్పుడూ ఇష్టం లేదు.

మాధవి, నేను కాలేజీ రోజుల నుంచీ స్నేహితులం. అప్పట్లో ఆవిడ పాట, నా హార్మోనియం, ఇది జంట. లలితగీతాల పోటీ ఎక్కడుంటే అక్కడ మేమిద్దరం ఉండేవాళ్ళం. తర్వాత నేను రాజమండ్రిలోనే ఉండిపోయాను, ఆవిడ పెళ్ళయి వర్జీనియాలోని హెర్న్‌డన్ వచ్చింది, సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడింది. పాట మాత్రం వదల్లేదు. అక్కడి తెలుగువాళ్ళ పండగలన్నిట్లో మాధవి పాట ఉండాల్సిందే. కొన్నేళ్ళ కిందట థైరాయిడ్ ఆపరేషనయింది. మాట తొందరగానే తిరిగొచ్చింది. పాటలో పై స్వరాలు రాలేదు. డాక్టర్లు ఓపిక పట్టమన్నారు. ఆవిడ ఓపిక పట్టలేదు, పాట మానేసింది.

ఈ జూలైలో నేను సెలవు పెట్టుకుని వాళ్ళింటికి వెళితే, ఎప్పటినుంచో అనుకుంటున్న కొలరాడో యాత్రకి ముగ్గురం బయల్దేరాం. నిత్య ఆవిడ ఒక్కగానొక్క కూతురు, అక్కడే పుట్టిన పిల్ల, కాలేజీలో చదువుతోంది. కారు నడిపేది ఆ పిల్లే. పియానోల సంగతి మాలో ఎవరికీ ముందు తెలీదు. కొండలు చూద్దామని వెళ్ళాం.

బౌల్డర్: చెప్పులు విప్పినందుకు

ఈ ప్రాంతమంతా మహా ఎత్తు మీద ఉంది, గాలి పొడి. మొదటి రాత్రి గడిచేసరికి నా పెదాలు పగిలాయి. మెట్లు ఎక్కితే ఆయాసం. పొద్దున్నే ముక్కులోంచి కాస్త రక్తం వస్తే నేను హడలిపోయాను గానీ, హోటల్లో పనిచేసే అమ్మాయి చూసి, “కొత్తగా వచ్చారా? నీళ్ళు తాగండి,” అని నవ్వేసింది. అక్కడ దేనికైనా మందు నీళ్ళే. నేను పెట్లో పడేసుకొచ్చిన కొబ్బరినూనె సీసా ముగ్గురికీ పెదాలకీ ముక్కులకీ పనికొచ్చింది.

బౌల్డర్‌లో బండ్లు రాని ఒక ఇటుకల వీధి ఉంది. రెండు వైపులా పూలకుండీలు, మధ్యలో గారడీవాళ్ళు, పాటగాళ్ళు. అక్కడ కాఫీకి పెట్టిన డబ్బుతో మా ఊళ్ళో నలుగురు ఇడ్లీ, పెసరట్టు తిని కాఫీ తాగి రావచ్చు. ఆ బాధలో నేనుండగా నిత్య, “ఆంటీ, ఇంకోటి!” అని అరిచింది.

ఈ పియానో బొంతలా ఉంది. నిజంగానే బొంత. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ముక్కలు, మధ్యలో కుట్లు కూడా గీశారు. మా అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు ఇలాగే ఉండేవి, కానీ ఇంత జాగ్రత్తగా కుట్లు వేసే ఓపిక ఆవిడకి ఉండేది కాదు. ఎవరూ వాయించడం లేదు. ఈసారి నేను ఆగలేకపోయాను.

వాద్యం ముందు కూర్చునే ముందు చెప్పులు విప్పడం నాకు ఊపిరి తీసుకోవడం లాంటిది. విప్పాను. పియానోని తాకి చేయి కళ్ళకద్దుకున్నాను. అప్పటికి ఇటుకల వేడి అరికాళ్ళకి తెలిసింది.

పక్క బెంచీ మీద ఎండటోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ ఇదంతా చూస్తోంది. “మీ దగ్గర అలా విప్పాలా?” అని అడిగింది. అవునన్నాను. అంతే, ఆవిడ వంగి తన బూట్లూ మేజోళ్ళూ విప్పేసి వచ్చి నా పక్కన నిలబడింది. “మరి వినేవాళ్ళు కూడా విప్పాలి కదా!” అంది. ఒక్క క్షణం పోయాక ఆవిడకీ వేడి తగిలింది. ఇద్దరం ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి గెంతుతూ, ఒకళ్ళ చేయి ఒకళ్ళం పట్టుకుని పకపకా నవ్వాం. మా చుట్టూ నిలబడినవాళ్ళు ఇదేదో వీధి ప్రదర్శన అనుకుని చప్పట్లు కొట్టారు.

బల్ల మీద కూర్చుని, కాళ్ళు పైకి ముడుచుకుని వాయించడం మొదలెట్టాను. కుడిచేయి బాగానే నడిచింది. ఎడమచేయి మాత్రం నా మాట వినలేదు. హార్మోనియానికి ఎడమచేత్తో తిత్తి కొట్టాలి. అలవాటు చొప్పున అది వెనక్కి వెళ్ళి గాల్లో ఊగుతోంది. పెద్దావిడ దాన్ని చూసి, “ఈ చేయి ఏం చేస్తోంది?” అని అడిగింది.

“గాలి కొడుతోంది,” అన్నాను. అర్థమయ్యేలా చెప్పేసరికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆవిడ ముచ్చటపడి, “పోనీ, అది అలవాటైన పని చేసుకోనివ్వండి,” అంది.

ఆ సాయంత్రం అరికాళ్ళకి ఐస్ పెట్టుకుని కారులో వెనక సీట్లో కూర్చున్నాను. నిత్య అద్దంలోంచి చూసి, “ఆంటీ, నువ్వు టోటల్లీ క్రేజీ,” అంది మెచ్చుకోలుగా. అంతా సరదాగా ఉందనుకుని నేను నోరు జారాను.

“ఒసే మాధవీ, శ్రుతి తగ్గించుకుని పాడొచ్చు కదే. ఆరు నుంచి నాలుగున్నరకి దిగితే ఏం పోయింది?”

ఆరు అంటే ఆవిడ పూర్వం పాడిన ఎత్తయిన శ్రుతి. నాలుగున్నర అంటే కాస్త కింద. ఆడవాళ్ళలో చాలామంది అక్కడే పాడతారు, తప్పేమీ లేదు.

మాధవి కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది, “తగ్గించుకుని పాడితే అది నేను కాదే. నా గొంతు ఎలా ఉండేదో నీకు తెలుసు. తెలిసినదానివి నువ్వు కూడా అలా అంటే ఎలా?”

“అలా కాదే, నా ఉద్దేశం...”

“ఇంక వదిలెయ్, శారదా.”

ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచిందంటే మాట ముగిసినట్టు. నిత్య కారులో పాటలు కూడా ఆపేసింది. ఆ దారి పొడుగునా పడమటి కొండల మీద ఎండ అంత అందంగా వాలుతుంటే, నిత్య రోడ్డునే చూస్తూ నడిపింది, మేమిద్దరం చెరో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాం.

ఫోర్ట్ కాలిన్స్: పియానోకి రంగులు వేసే చోటు

ఈ ఊరికి వచ్చాకే మాకు అసలు సంగతి తెలిసింది. ఇక్కడ పియానోలు ఒకటీ అరా కాదు, వీధి మలుపుకొకటి అన్నట్టున్నాయి. ఒకదాని మీద పొద్దుతిరుగుడు పూలు, ఒకదాని మీద సైకిలు తొక్కుతున్న ఎలుగుబంటి, ఒకదాని మీద కంటికి కనిపించే కొండలే.

పాత బజారు మధ్యన గుడారం వేసుకుని ఒకావిడ పియానోకి రంగులు వేస్తోంది. పేరు రోజా. మన రోజా కాదు, మెక్సికో మూలాలున్న కుటుంబం, ఇక్కడికి వచ్చి మూడు తరాలైందట. పియానో తలుపు మీద నలుపూ తెలుపూ పక్షులు గీస్తోంది. కాళ్ళ దగ్గర మాత్రం దుంపలు, వాటి ఆకులు, వంగి పనిచేస్తున్న ఆడవాళ్ళు.

“చక్కెర దుంపలు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా అవే పండేవి. మా నాయనమ్మ ఈ చేలల్లో వంగి మొక్కలు పలచన చేసేది. వయసుమళ్ళాక నిటారుగా నిలబడలేకపోయింది. అందుకే ఆవిణ్ణి ఇక్కడ కింద గీశాను. కూర్చున్నవాళ్ళ కళ్ళకి తిన్నగా కనిపిస్తుంది,” అంది రోజా.

మన లారీల వెనక డ్రైవర్లు గీయించుకునే నెమళ్ళూ, ఊరి పేర్లూ, పిల్లల పేర్లూ నాకు గుర్తొచ్చాయి. ఫోన్లో ఒక ఫోటో ఉంటే చూపించాను. రోజా కుంచె పక్కన పెట్టేసి, ఫోటోని పెద్దది చేసి చూసుకుంది. “ఇంత రంగు వేసి దీన్ని రోడ్డు మీద తిప్పుతారా!” అని ఆశ్చర్యపోయింది. పియానోని ఎండలో నిలబెట్టినావిడ ఆ మాట అనడం నాకు తమాషాగా అనిపించింది.

ఈ పియానోలు ఎక్కడివని అడిగాను. ఇళ్ళల్లోవేనట. తాతలు కొన్నవి, అమ్మమ్మలు వాయించినవి. ఇప్పటి ఇళ్ళల్లో చోటు చాలదు, వాయించేవాళ్ళు లేరు. ఊరికే ఇస్తాం పట్టుకుపొండి అన్నా పట్టుకుపోయేవాడు దొరకడు. అలాంటివి ఇక్కడికి వస్తాయి. రంగు వేసే ముందు లోపల శుభ్రం చేస్తే పెన్సిళ్ళు, జడపిన్నులు, గోలీలు దొరుకుతాయిట. ఒకసారి పాలపన్ను కూడా దొరికిందట. “ఆ పన్ను ఏం చేశారు?” అంది నిత్య. “దాని చోట్లోనే పెట్టేశాను. అది ఆ పియానోది కదా,” అంది రోజా.

మధ్యాహ్నం బండి దగ్గర గుడ్డూ బంగాళాదుంపా చుట్టిన రొట్టె తిన్నాం. దాని మీద పచ్చిమిరపకాయల పులుసు పోసి ఇస్తారు. కారంగా ఉంటుందని ముందే హెచ్చరించారు. పాపం, మా దృష్టిలో అది పసిపిల్లలకి పెట్టొచ్చు. పీచ్ పళ్ళు మాత్రం నన్ను ఓడించాయి. రసం మోచేతుల దాకా కారుతుంటే, వీధి చివర కాలవ దగ్గర నిలబడి మామిడిపండు తిన్నట్టే తిన్నాం. ముందు రోజు మాటల తర్వాత మాధవి నాతో మొదటిసారి నవ్వింది అప్పుడే. నా గడ్డం మీది రసం తన రుమాలుతో తుడిచింది. ఆవిడ క్షమాపణ చెప్పే పద్ధతి అది. నాది కూడా అలాంటిదే, నా వాటా పండు ఇచ్చాను.

వడగళ్ళు

అక్కడి వాన మన వానలా ముందు కబురు పంపి రాదు. నీలంగా ఉన్న ఆకాశం కొండల వైపు నుంచి నల్లబడింది. గాలి లేచింది. మేం ఒక ఐస్‌క్రీం దుకాణం ముందుకి చేరేలోపే గోలీకాయలంత వడగళ్ళు మొదలయ్యాయి.

వీధి మధ్యలో ఒక పియానో తెరిచి ఉంది. అప్పటిదాకా దాని ముందు కూర్చున్న ముసలాయన లేచి, ఒక చేత్తో దాని మూత వెయ్యాలని తంటాలు పడుతున్నాడు. రెండో చేయి పక్కన వేలాడుతోంది. “ఎవరైనా కప్పండి! పియానోని కప్పండి!” అని అరుస్తున్నాడు.

మాధవి నాకంటే ముందు పరిగెత్తింది. ఆ పరుగు నేను కాలేజీ తర్వాత మళ్ళీ చూడలేదు. పియానో వెనక మడిచి కట్టిన ప్లాస్టిక్ పట్టా ఉంది. దాన్ని లాగాం. గాలి పట్టాని తెరచాపలా ఎగరేస్తోంది. ఒక మూల మాధవి, ఒక మూల నేను, ఒక మూల నిత్య, నాలుగో మూల ఐస్‌క్రీం దుకాణం కుర్రది, చేతిలో గరిటెతో సహా. తల మీదా వీపు మీదా వడగళ్ళు టపటపా పడుతుంటే, పట్టా కిందకి వంగి పియానోని కౌగలించుకున్నట్టు పట్టుకున్నాం. ముసలాయన కూడా మా మధ్యనే దూరాడు. పట్టా మీద ఆ చప్పుడుకి ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడలేదు.

వచ్చినట్టే వెళ్ళిపోయింది. ఎండ కాసింది. రోడ్డంతా తెల్లటి గుళికలు. మాధవి జుట్టులోంచి వడగళ్ళు ఏరుతుంటే, ఆయన పియానో మూత తెరిచి కొన్ని స్వరాలు మోగించి చూశాడు. మోగాయి. ఆయన మొహంలో వెలుగు చూసి మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆయన పేరు వాల్టర్. బళ్ళో పిల్లలకి బృందగానం నేర్పేవాడట. పక్షవాతం వచ్చి కుడిచేయి పోయింది. రోజూ మధ్యాహ్నం ఇక్కడికి వచ్చి ఎడమచేత్తో వాయిస్తాడు.

“ఇంట్లో పియానో లేదా?” అని అడిగాను.

“ఉంది. ఇంట్లో కూర్చుంటే నాకు సగం పాటే వినిపిస్తుంది. ఇక్కడ కూర్చుంటే మిగతా సగం ఎవరో ఒకరు పట్టుకొస్తారు,” అన్నాడు వాల్టర్. ఆ మాటని ఆయన బాధగా అనలేదు. పాలవాడు రోజూ వస్తాడు అన్నంత మామూలుగా అన్నాడు.

నిత్య వెంటనే అందుకుంది. “శారద ఆంటీకి రైట్ హ్యాండ్ మాత్రమే వచ్చు! లెఫ్ట్ హ్యాండ్ రాదు!”

వాల్టర్ నా వైపు చూశాడు. తర్వాత బల్ల మీద పక్కకి జరిగాడు.

నేను చెప్పులు విప్పాను. ఈసారి కింద మంచు. అరికాళ్ళు జివ్వుమన్నాయి. ఆయన ఎడమ పక్క, నేను కుడి పక్క కూర్చున్నాం. ఏం వాయిద్దాం అంటే, “నల్ల మెట్ల మీదే ఉందాం. వేళ్ళకి తడిమితే తెలుస్తాయి, తప్పు పడదు,” అన్నాడు. నల్ల మెట్లన్నీ వరసగా వాయిస్తే మన మోహన రాగమే. నాలుగున్నర శ్రుతిలో మోహన. నాకు తెలిసిన మోహనలో నా చేతికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న పాట ఒకటే. కాలేజీలో మా తెలుగు మేడమ్ గోదావరి మీద పడవ గురించి రాస్తే, మాధవీ నేనూ కలిసి వరస కట్టుకున్న పాట. ఆలోచించి ఎంచుకోలేదు. చేయి దాని మీదకి వెళ్ళింది.

మొదట ఏదీ కుదరలేదు. నేను స్వరం నుంచి స్వరానికి జారుతూ వెళ్దామంటాను, పియానో మెట్టు మెట్టుగానే నడుస్తానంటుంది. ఆయన నాలుగు దెబ్బలకొకసారి ఆగుతాడు, నా తాళం అక్కడ ఆగదు. రెండు సార్లు మోచేతులు తగిలాయి. మూడోసారి ఆయన కళ్ళు మూసుకుని, షడ్జమమూ పంచమమూ పట్టుకుని పడవ ఊగినట్టు ఊపడం మొదలెట్టాడు. దాని మీద నా కుడిచేయి తేలింది. తిత్తి కొట్టే నా ఎడమచేయి ఒళ్ళో మెదలకుండా పడుకుంది. దాని పని ఇంకెవరో చేస్తున్నారు.

ఒక అడుగు దూరంలో మాధవి తడిసిన చున్నీ పిండుకుంటూ నిలబడింది.

“ఏ శ్రుతే ఇది?” అంది తెలుగులో.

“నాలుగున్నర ఉండాలి. కానీ పియానో ఎండకీ వానకీ ఇంకా అరమెట్టు కిందకి దిగిపోయింది.”

“అది కూడా దిగిందా?” అంది మాధవి.

అని ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోంచే పల్లవి ఎత్తుకుంది.

ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. నాకు తెలిసింది సన్నని తీగ. ఇది మందంగా, కాస్త బొంగురుగా, అడుగున ఇసక ఉన్న ఏరులా ఉంది. నేను తలెత్తలేదు. తలెత్తితే ఆపేస్తుందేమోనని భయం. చుట్టూ అడుగుల చప్పుడు ఆగడం వినిపించింది. చరణంలో పాట పై గాంధారం మీదకి వెళ్తుంది. అక్కడికి వెళ్ళేసరికి గొంతు చిట్లింది. పాట ఆగిపోయింది.

నా వేళ్ళు కూడా ఆగిపోయాయి.

వాల్టర్ ఆగలేదు. ఆయనకి మా భాష రాదు, పాట తెలీదు, ఆగిపోయింది గొంతు తెగడం వల్లో పాట తీరే అంతో కూడా తెలీదు. కళ్ళు మూసుకుని షడ్జమం, పంచమం, షడ్జమం, పంచమం అలా ఊపుతూనే ఉన్నాడు. మాధవి కోసం ఎదురుచూస్తున్నట్టు కూడా కాదు, ఆవిడ ఎలాగూ వస్తుందని తెలిసినట్టు. ఆ ఊపు అలా నడుస్తుంటే అందులో ఖాళీగా నిలబడి ఉండటం ఎవరివల్లా కాదు. మాధవి ఊపిరి తీసుకోవడం వినిపించింది. చరణం మళ్ళీ మొదటినుంచి అందుకుంది. ఈసారి పై గాంధారం దగ్గరికి వెళ్ళి, దాన్ని గట్టిగా పట్టుకోకుండా, చెయ్యి తగిలించి వదిలేసినట్టుగా తాకి కిందకి దిగింది. పోటీల్లో పాడిన రోజుల్లో ఆ చోట ఆవిడ స్వరాన్ని పొడుగ్గా నిలబెట్టి చప్పట్లు కొట్టించుకునేది. తాకి వదిలేస్తే ఆ పడవ ఇంకా దూరం వెళ్ళినట్టనిపించింది నాకు.

పాట అయిపోయాక చప్పట్లు వచ్చాయి. కానీ అక్కడ చప్పట్లు బస్సు డ్రైవరుకీ వస్తాయి, కాళ్ళు కాలి గెంతినవాళ్ళకీ వస్తాయి. వాటిని నేను లెక్కలోకి తీసుకోలేదు. వాల్టర్ కళ్ళు తెరిచి, “పాట దేని గురించి?” అని అడిగాడు.

“నది మీద పడవ,” అంది మాధవి.

“నేనూ అదే అనుకున్నాను,” అన్నాడాయన. తర్వాత మర్యాదగా, “రేపు కూడా ఉంటారా?” అన్నాడు. లేదు, వెళ్ళిపోతున్నాం అని చెప్పాం. ఆయనేమీ నొచ్చుకోలేదు. మేం వీధి మలుపు తిరిగేసరికి ఐస్‌క్రీం దుకాణం అమ్మాయి ఆయన పక్కన కూర్చుని ఒక వేలితో ఏదో మోగిస్తోంది.

నిత్య మాత్రం కారు దగ్గర వాళ్ళమ్మని గట్టిగా వాటేసుకుని వదల్లేదు. “అమ్మా, నీ న్యూ వాయిస్ నాకు ఎక్కువ ఇష్టం,” అంది. మాధవి, “తడిసి ఉన్నానే, వదులు,” అంది గానీ విడిపించుకోలేదు.

ఎస్టెస్ పార్క్

ఆఖరి మజిలీ కొండల మధ్య. ఇంత ఎత్తున మంచు కిరీటాలు పెట్టుకున్న శిఖరాలు, అద్దంలాంటి చెరువు, ఊరి మధ్యలో గేదెల్లా నింపాదిగా తిరిగే దుప్పులు. దుప్పి రోడ్డు దాటుతుంటే బళ్ళన్నీ హారన్ కొట్టకుండా ఆగి నిలబడ్డాయి. మా రాజమండ్రిలో ఆవులకి ఆ మర్యాద ఉంది, హారన్ లేకపోవడం మాత్రం లేదు.

ఇక్కడ పియానో ఏదీ మా కంట పడలేదు. ఎవరమూ పాట సంగతి ఎత్తలేదు. మాధవి ముందులాగే ఉంది. దుకాణాల్లో ధరలు చూసి మూతి విరిచింది, నిత్య డ్రైవింగుకి వంకలు పెట్టింది, సాయంత్రం ఆఫీసు మెయిళ్ళు చూసుకుని విసుక్కుంది. ఫోర్ట్ కాలిన్స్‌లో జరిగింది ఆ ఒక్క వానకే జరిగిందేమోనని నాకు లోపల బెంగగానే ఉంది. ఈసారి నోరు జారకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

బయల్దేరే రోజు పొద్దున నేనూ నిత్యా కింద కాఫీలు తీసుకుని గది దగ్గరికి వచ్చాం. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మాధవి మాకు వీపు పెట్టి, మంచం మీద బట్టలు మడత పెడుతోంది. నోట్లో ఏదో కూనిరాగం. మాటలు లేవు, రాగం కూడా ఒకటని లేదు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్ళిపోతోంది. మధ్యలో పైకి వెళ్ళి గొంతు చిట్లింది. ఆవిడ గమనించినట్టు లేదు. చీర మడత సరిగ్గా రాకపోతే దులిపి మళ్ళీ పట్టుకుని, ఆపిన చోట నుంచి కూనిరాగం కూడా అందుకుంది.

నిత్య తలుపు తొయ్యబోయింది. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇద్దరం వరండాలో గోడకి ఆనుకుని నిలబడి, బట్టలన్నీ సర్దడం అయ్యేదాకా, మా చేతుల్లో కాఫీలు చల్లారనిచ్చాం.